కాలుతున్న లాంకాస్టర్ బాంబర్ విమానంలో మూడుసార్లు నడిచిన కుర్రాడు: మా అమ్మాయి ప్రాజెక్టుకి సాయం కావాలి

లీవెన్_సుబ్బు | నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత రాస్తున్నా.

మేం స్కాట్లండ్‌లో లోక్ లీవెన్ అనే పెద్ద సరస్సు పక్కన ఉంటాం. నవంబర్ 11న ఇక్కడ యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకుంటారు. నెల మొదటి నుంచే అందరి కోట్ల మీదా ఎర్ర గసగసాల పువ్వు కనిపిస్తుంది. ఆ రోజులోపు మా చిన్నది (తొమ్మిదేళ్లు) ఈ ప్రాంతం నుంచి యుద్ధానికి వెళ్లిన ఒక మనిషి గురించి అట్ట మీద బొమ్మలు అంటించి క్లాసులో చెప్పాలి. జార్జ్ థామ్సన్‌ని ఎంచుకుంది.

1920 అక్టోబర్ 23న పెర్త్‌షైర్‌లో ట్రినిటీ గాస్క్ అనే పల్లెలో పుట్టాడు. చదివింది సరస్సుకి అటువైపున్న పోర్ట్‌మోక్‌లో, తర్వాత కిన్రాస్‌లో. పచారీ కొట్లో పనికి కుదిరాడు. 1941లో విమానదళంలో చేరి, మొదట నేల మీద ఉండే వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఇరాక్‌లో పనిచేశాడు. ఆ తర్వాత విమానం ఎక్కుతానని తనే అడిగి బాంబర్లలో అదే వైర్‌లెస్ పనికి వచ్చాడు. 9వ స్క్వాడ్రన్ (విమానాల దళం), ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్‌లోని బార్డ్‌నీ స్థావరం.

1945 జనవరి 1న పట్టపగలు జర్మనీలో డోర్ట్‌మండ్–ఎమ్స్ కాలువ మీద దాడికి వెళ్లారు. బాంబులు వదిలిన మరుక్షణమే విమానానికి పెద్ద షెల్ తగిలింది. లోపల మంటలు, పొగ. రెండో దెబ్బకి ముక్కు భాగం అద్దాలు ఎగిరిపోయాయి. ఆ గాలికి పొగ పోయాక చూస్తే నేలలో పెద్ద కంత, పైలట్ నెత్తిమీద కప్పుకి చిల్లులు, ఒక ఇంజన్‌కి మంట. థామ్సన్ మంటల్లోకి వెళ్లి మధ్య టరెట్‌లో స్పృహ తప్పిన గన్నర్‌ని లాగాడు. తర్వాత తోక టరెట్‌లోని గన్నర్‌ని లాగాడు. ఇద్దరి బట్టలకీ అంటుకున్న మంటల్ని ఒట్టి చేతులతో ఆర్పాడు. మూడు వారాలకి, జనవరి 23న చనిపోయాడు. 24 ఏళ్ల మూడు నెలలు. యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం విక్టోరియా క్రాస్ ఇస్తున్నట్టు ఫిబ్రవరి 20న ప్రకటించారు. అతనికి తెలియనే తెలియదు.

ఇక అసలు సమస్య. క్లాసులో చెప్పేముందు తెనాలిలో ఉన్న నాయనమ్మకి వీడియో కాల్‌లో తెలుగులో చెప్పి ప్రాక్టీస్ చేస్తానంటోంది. ఆవిడ ఊరికే వదలరు, ప్రతిదానికీ ‘అంటే?’ అంటారు. థామ్సన్ వాళ్ల నాన్న ఇక్కడి మాటలో ‘ప్లవ్‌మన్’. రైతు అనాలా, కూలీ అనాలా? టరెట్ అంటే ఏం చెప్పాలి? ఎవరైనా సాయం పట్టండి.

---

మాధవరం_మనవడు | నవంబర్ 3, రాత్రి 10:25

సుబ్బు గారూ, రైతు అనకండి. సొంత పొలం ఉన్నవాడు కాదు కదా, ఒకరి దగ్గర ఏడాదికి కుదిరి గుర్రాలతో అరక దున్నేవాడు. మన దగ్గర అయితే పాలేరు. నాయనమ్మ గారికి ఆ ఒక్క మాట చెప్తే చాలు, మిగతా ఇల్లంతా ఆవిడే ఊహించుకుంటారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. పేరులోనే ఉంది, వేరే చెప్పక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మా ఊరి నుంచి మనుషులు వెళ్లారు. మా ఇళ్లల్లో గోడ మీద దేవుడి పటం పక్కనే యూనిఫాం ఫోటో ఉంటుంది. చిన్నప్పుడు ఆ ఫోటోలోని మనిషి పేరు అడిగితే మా నానమ్మ పేరు చెప్పేది కాదు, ‘మా బావకి పెరుగన్నంలో బెల్లం ముక్క ఉండాలి’ అనేది. నాకు ఆయన గురించి ఇప్పటికీ గట్టిగా తెలిసింది ఆ బెల్లం ముక్కే.

మీ అమ్మాయిని అలాంటిదేదైనా దొరుకుతుందేమో చూడమనండి.

---

సిగ్నల్స్_తాత | నవంబర్ 4, ఉదయం 6:10

బాబూ సుబ్బూ, నేను మన వైమానిక దళంలో వైర్‌లెస్ వాణ్ణి. 1966లో చేరాను. అప్పటికి మన దగ్గర లిబరేటర్లు ఇంకా ఎగురుతున్నాయి. యుద్ధం అయ్యాక అమెరికా వాళ్ల సరుకుగా కాన్పూరులో వదిలేసిన బాంబర్లని మనవాళ్లు బాగుచేసి వాడుకున్నారు, 1968 దాకా నడిచాయి. ఒకసారి లోపలికి ఎక్కాను. లాంకాస్టర్ వేరు, లిబరేటర్ వేరు, కానీ ఆ కాలం బాంబర్ కడుపులో నడవడం అంటే ఏంటో ఒంటికి తెలిసింది. నిటారుగా నిలబడలేం. ప్రతి అడుగుకీ మోచేతికో మోకాలికో ఏదో ఒకటి తగులుతుంది. నూనె, రబ్బరు, పాత తోలు కలిసిన వాసన.

లాంకాస్టర్‌లో ఏడుగురు. పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు. వైర్‌లెస్ వాడి బల్ల ముందు భాగంలో, రెక్కల దూలానికి కాస్త ముందు. వేడి గాలి గొట్టం అతని పక్కనే తెరుచుకుంటుంది. పక్కవాళ్లు చలికి బిగుసుకుపోతుంటే వైర్‌లెస్ వాడు కోటు విప్పి కూచునేవాడని చెప్పుకుంటారు. మొత్తం విమానంలో వెచ్చటి కుర్చీ అతనిదే. అందరికంటే చలి తోకలో ఒంటరిగా ఉండే గన్నర్‌ది.

ఆ వెచ్చటి చోటు నుంచి లేచి వెనక్కి పోవాలంటే ముందు ఆ దూలం ఎక్కి దిగాలి. విమానానికి అడ్డంగా, రెండు రెక్కల్నీ మోస్తూ ఉంటుంది. మామూలు రోజున కూడా మందపాటి బట్టలేసుకుని అది దాటడం చిరాకు. ఆ తర్వాతే మీరు చెప్పిన కంత, మంట.

టరెట్‌కి ‘తుపాకీ గూడు’ అని చెప్పమను. అద్దాల గూడు. మధ్యదాంట్లో గన్నర్‌కి కుర్చీ ఉండదు, ఉయ్యాల లాంటి గుడ్డపట్టీ మీద కూచుంటాడు, కాళ్లు కిందికి వేలాడుతుంటాయి. స్పృహ లేని మనిషిని అందులోంచి దించడమంటే, చెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న బస్తాని ఒక్కడే దించినట్టు. పైగా చుట్టూ తుపాకీ గుళ్లు వేడికి పేలుతున్నాయి.

---

ప్రశ్నల_పరమేశం | నవంబర్ 4, ఉదయం 11:32

అందరూ తిట్టుకున్నా సరే, నేను అడుగుతా. చనిపోయిన కుర్రాడి మీద నాకేం కోపం లేదు. కానీ బ్రిటిష్ బాంబర్ల దండు హాంబర్గ్‌ని తగలబెట్టింది. డ్రెస్డెన్‌లో ఆ ఫిబ్రవరిలో దాదాపు 25,000 మంది పోయారు, అమెరికా వాళ్లూ కలిశారనుకోండి. అటు 1943లో బెంగాల్లో తిండి లేక పోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని అంచనా. వాళ్ల పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి? మన పిల్లలు వాళ్ల వీరుల అట్టలు అతికిస్తుంటే మనం మాటలు అందించడమేంటి? మర్యాదగానే అడుగుతున్నా.

---

బేగంపేట_భాయ్ | నవంబర్ 4, మధ్యాహ్నం 1:05

పరమేశం అన్నా, ‘వాళ్ల’ అని అంత తేలిగ్గా గీత గీయకు. అందులో మన పైసలు కూడా ఉన్నాయి.

1918లో 110వ స్క్వాడ్రన్‌కి బాంబర్లు కొనిచ్చింది మన నిజాం. విమానాల మీద ఆయన కానుక అని రాసి ఉండేది. స్క్వాడ్రన్ పేరే ‘110 (హైదరాబాద్)’, బ్యాడ్జి మీద పులి. రెండో యుద్ధంలో 152 (హైదరాబాద్) అని స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానాల స్క్వాడ్రన్, దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగా. బాంబర్లలోనే 35వ స్క్వాడ్రన్ పేరు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ అంటే మీ కోస్తా, రాయలసీమ కూడా కదా.

ఇంకోటి చెప్తా. యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ మొదటి బాంబు దాడి జర్మన్ యుద్ధనౌకల మీద. ముందు పోయినవి 110 (హైదరాబాద్) వాళ్ల బ్లెన్‌హైమ్ బాంబర్లు. అంత కిందికి దిగి వేస్తే బాంబులు కొన్ని ఓడ మీద పడి ఎగిరి నీళ్లలో పడ్డాయి. ఓడల మీదికి పోయిన పది బ్లెన్‌హైమ్‌లలో ఐదు తిరిగి రాలేదు. అదే రోజు ఇంకో రేవు మీదికి వెల్లింగ్టన్ బాంబర్లతో పోయింది ఎవరనుకున్నారు? సుబ్బు అన్న చెప్పిన ఆ 9వ స్క్వాడ్రనే. వాళ్లకి రెండు పోయాయి.

మన రైతుల శిస్తు ఎక్కడెక్కడ ఎగిరిందో చూడు. గర్వపడమంటలేను, లెక్క చెప్తున్నా అంతే.

---

కాకినాడ_కోడలు | నవంబర్ 4, సాయంత్రం 5:48

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అత్తగారి అమ్మగారు చెప్పేవారు, అది ఆవకాయల రోజులు. ముక్కలు కొట్టి ఆరబోసి ఉన్నాయట. ఊరు ఖాళీ చేస్తున్నారని తెలిసి, ఆ ముక్కలన్నీ తడిగుడ్డలో మూటగట్టి ఎడ్లబండి మీద పెట్టుకుని పుట్టింటికి పోయారు. ఆవకాయ అక్కడ కలిపారు. ఆ సంవత్సరం ఆవకాయ బూజు పట్టిందని ఆవిడ చచ్చిపోయేదాకా జపాన్ వాణ్ణి తిట్టారు.

నేను చెప్పొచ్చేదేంటంటే, బాంబు కింద ఉన్నవాళ్లు మా ఇంట్లోవాళ్లు. అందుకని పరమేశం గారి ప్రశ్న నాకు అర్థమవుతుంది, ‘వీరుడు’ అన్న మాట నాకూ గొంతులో కాస్త అడ్డుపడుతుంది. కానీ సుబ్బు గారి అమ్మాయి చెప్తున్నది బాంబులు వేసిన సంగతి కాదు కదా. బాంబులు వదిలేశాకే కథ మొదలైంది. ఆ తర్వాత అతను చేసిందంతా మనుషుల్ని బయటికి లాగడమే.

---

మోడరేటర్ | నవంబర్ 4, సాయంత్రం 7:15

డ్రెస్డెన్ మీదా బెంగాల్ కరువు మీదా వచ్చిన మరో తొమ్మిది జవాబుల్ని వేరే చర్చగా విడగొట్టాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పాప ప్రాజెక్టు నడవనివ్వండి.

---

లీవెన్_సుబ్బు | నవంబర్ 5, రాత్రి 8:55

అందరికీ థాంక్స్. పాలేరు అనగానే మా అమ్మ ‘అయ్యో, కష్టపడి చదివించుకుని ఉంటారు’ అంది. తాతగారూ, ఉయ్యాల పట్టీ, చెట్టు మీద బస్తా రెండూ అట్ట మీదికి ఎక్కాయి.

ఈ రోజు ఏం జరిగిందో చెప్పాలి. లాంకాస్టర్ పొడవు 21 మీటర్లని చదివాం. మా చిన్నది అంటే ఎంత అంది. ఇంట్లో అంత పొడవు లేదు. వెనక కార్ల స్థలంలోకి వెళ్లి టేపుతో కొలిచి సుద్దతో గీశాం. ఐదు కార్లు ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంతో దాదాపు అంత. పైలట్ దగ్గర ఒక గుర్తు, వైర్‌లెస్ బల్ల దగ్గర ఒకటి, తాతగారు చెప్పిన దూలానికి అడ్డంగా రెండు గీతలు, మధ్య గూడు, తోక గూడు. మధ్య గూడుకి ముందు నేల మీద కంత. దానికి నల్ల సుద్ద లేదని బొగ్గు ముక్క తెచ్చి పూసింది.

తర్వాత నడిచింది. వైర్‌లెస్ బల్ల దగ్గర లేచి, దూలం దాటి, కంత అంచున పక్కకి జరుగుతూ మధ్య గూడు దాకా. అక్కడ తన స్కూలు బ్యాగుని గన్నర్ అనుకుని లాక్కొచ్చింది. మళ్లీ తోక దాకా. తోక గన్నర్ నేనేనట, నన్ను లాగలేక అక్కడే కూలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక అడిగింది:

‘ఇద్దర్నీ లాగేశాడు కదా నాన్నా. మరి మళ్లీ కంత దాటుకుని ముందుకెందుకు వెళ్లాడు?’

నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వం అప్పుడు వేసిన ప్రకటనలో ‘కెప్టెన్‌కి సంగతి చెప్పడం తన విధి అనుకున్నాడు’ అన్నట్టు ఉంది. తొమ్మిదేళ్ల పిల్లకి విధి అంటే ఏం చెప్పను? కాలిన చేతులతో పక్క గోడలు పట్టుకుని ఆ కంత దాటాడట. ముందునుంచి కొట్టే మంచు గాలికి, కాలిన ఒంటి మీదే మళ్లీ చలి కాటు. పైలట్ చూసి ఎవరో గుర్తు పట్టలేదు. అంత జరిగాక కూడా అతను అడిగింది వెనకున్న ఇద్దరి గురించే.

---

సిగ్నల్స్_తాత | నవంబర్ 6, ఉదయం 5:50

బాబూ, దీనికి నేను చెప్తాను. విధి అనక్కర్లేదు.

విమానంలో మనుషులు ఒకరినొకరు చూసుకోలేరు. ఇంజన్ల హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. చెవి దగ్గరి ఇంటర్‌కమ్ ఒక్కటే ఆధారం. ఆ రోజు మొదటి దెబ్బలకే ఇంటర్‌కమ్ తీగలు తెగిపోయాయి. అంటే పైలట్‌కి వెనక ఏమైందో తెలియదు. గన్నర్లు బతికున్నారా, పారాచూట్‌తో దూకేశారా, చచ్చిపోయారా? అతను ‘దూకేయండి’ అనాలా, దింపాలా? వెనక స్పృహ లేని ఇద్దరున్నారని తెలియకపోతే దూకేయమనడమే సబబు అనుకోవచ్చు. అప్పుడు ఆ ఇద్దరూ పోతారు.

వైర్‌లెస్ వాడి పని ఏంటి? కబురు చేర్చడం. తీగ లేదు. తీగ లేకపోతే మనిషే వెళ్లాలి. మా ట్రేడ్‌లో ఎవణ్ణడిగినా అదే అంటాడు. ఆ కుర్రాడు మూడోసారి నడిచింది అందుకు. మొదటి రెండుసార్లు మంచితనంతో వెళ్లాడు. మూడోసారి ఉద్యోగం చేశాడు.

అమ్మాయికి ఇలా చెప్పు: ‘ఫోను తెగిపోయింది, అందుకని తనే వెళ్లి చెప్పాడు.’

---

మాధవరం_మనవడు | నవంబర్ 6, ఉదయం 8:12

తాతగారూ, ఇది చదివి బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను.

---

ప్రశ్నల_పరమేశం | నవంబర్ 6, ఉదయం 10:40

నా ప్రశ్న నాకు అలాగే ఉంది, వేరే చర్చలో దాని మీదే ఉన్నా. ఇక్కడ మాత్రం ఒకటి తెలుసుకోవాలి. ఆ రోజు వెళ్లింది ఊరి మీదికా, కాలువ మీదికా? కాలువని ఎందుకు కొడతారు? మట్టి పోసి పూడ్చేస్తే రేపటికల్లా బాగవదూ?

---

లీవెన్_సుబ్బు | నవంబర్ 6, రాత్రి 9:20

కాలువ మీదికే పరమేశం గారూ. లాడ్‌బెర్గెన్ దగ్గర ఆ కాలువ చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో, గట్ల మధ్య పోతుంది. మన కృష్ణా కాలువలు కొన్నిచోట్ల పొలాల కంటే ఎత్తులో ఉంటాయి చూడండి, అలాగ. గట్టు తెగితే నీళ్లన్నీ పొలాల మీద పడి పడవలు బురదలో కూచుంటాయి. రూర్ ప్రాంతపు బొగ్గు, ఫ్యాక్టరీల సరుకు ఆ నీళ్ల మీదే పోయేది. 1944 సెప్టెంబర్లో తెంచారు, నవంబర్లో మళ్లీ తెంచారు. మీరన్నట్టే జర్మన్లు ప్రతిసారీ వేలమందిని పెట్టి పూడ్చేవారు. పూడ్చడం పూర్తవుతుండగా వీళ్లు మళ్లీ వచ్చేవారు. కొత్త సంవత్సరం రోజున వెళ్లింది అలాంటి ట్రిప్పే. 102 లాంకాస్టర్లు వెళ్తే రెండు పోయాయి. లెక్కల్లో అది ‘తక్కువ నష్టం’.

మొత్తం లెక్క మాత్రం తక్కువేం కాదు. బ్రిటిష్ బాంబర్ దండులో దాదాపు 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది చనిపోయారు. అందరూ తమంతట తాము ముందుకొచ్చి ఎక్కినవాళ్లే. మీలాంటి ప్రశ్న ఇక్కడా చాలామందికి ఉండేది, అందుకే లండన్‌లో వాళ్లకి పెద్ద స్మారకం కట్టింది 2012లో, అంతా అయ్యాక 67 ఏళ్లకి.

వేసవిలో లింకన్ వెళ్లాం. అక్కడ గుట్ట మీద ఒక ఇనుప స్తంభం నిలబెట్టారు, ఎత్తు సరిగ్గా లాంకాస్టర్ రెక్కల పొడవంత, 31 మీటర్లు. చుట్టూ తుప్పు రంగు గోడల్లో అక్షరాలు కోసి దాదాపు 58,000 పేర్లు. ఆ రోజు మా చిన్నదానికి థామ్సన్ ఎవరో తెలియదు, అక్షరాల కంతల్లోంచి వేళ్లు పెట్టి ఆడుకుంది. అక్కడికి కొద్ది మైళ్లలోనే బార్డ్‌నీ. ఊరి మధ్యలో 9వ స్క్వాడ్రన్‌కి గుర్తుగా ఒక ప్రొపెల్లర్ ఉంటుంది. అది ఏంటో మాకు తెలియక దాని పక్కన కారాపుకుని పులిహోర తిన్నాం.

---

కాకినాడ_కోడలు | నవంబర్ 7, మధ్యాహ్నం 2:30

పులిహోర సంగతి అట్ట మీద రాయకండి సుబ్బు గారూ, క్లాసులో వివరించలేక చస్తుంది. 🙂

ఆ ఇద్దరు గన్నర్లూ ఏమయ్యారు? ముందు అది చెప్పండి.

---

లీవెన్_సుబ్బు | నవంబర్ 7, సాయంత్రం 6:45

అక్కా, మంటల్లో దాదాపు నలభై నిమిషాలు ఎగిరి, అప్పటికే మిత్రదేశాల చేతిలోకి వచ్చిన నెదర్లాండ్స్ భాగంలో పైలట్ పొలాల్లో దింపాడు. మధ్య గూట్లోని గన్నర్ బతకలేదు. తోకలో ఉన్నతను బతికాడు. థామ్సన్ సమాధి బ్రసెల్స్‌లో ఎవెర్ దగ్గరి స్మశానంలో ఉంది. ఇంటికి రాలేదు.

పోర్ట్‌మోక్ వైపు వెళ్లొచ్చాం ఈ రోజు. ఇప్పుడు అక్కడ గ్లైడర్ల క్లబ్బు ఉంది. ఇంజన్ లేని తెల్లటి విమానాలు కొండ పక్కన చప్పుడు లేకుండా తిరుగుతుంటాయి. ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన బాతులు మాత్రం ఒకటే గోల. మా చిన్నది చాలాసేపు గ్లైడర్లనే చూసి, ‘వీటిలో ఫోను అక్కర్లేదు, ఒక్కరే కదా’ అంది.

---

బేగంపేట_భాయ్ | నవంబర్ 7, రాత్రి 8:02

సుబ్బు అన్నా, నాయనమ్మ పరీక్ష పాసయిందా లేదా అది చెప్పు ముందు.

---

లీవెన్_సుబ్బు | నవంబర్ 9, ఉదయం 7:35

నిన్న అయింది. అమ్మ అలవాటుగా మధ్యమధ్య ఆపింది. లాంకాస్టర్ అంటే? స్క్వాడ్రన్ అంటే? తుపాకీ గూడు దగ్గర ఆపలేదు, ఉయ్యాల పట్టీ దగ్గరా ఆపలేదు. ‘ఫోను తెగిపోయింది, అందుకని తనే వెళ్లి చెప్పాడు’ దగ్గర మాత్రం ఆపి, ‘ఎవరికి చెప్పాడు?’ అంది. పైలట్‌కి అంది చిన్నది. ‘పైలట్ గుర్తుపట్టలేదు నాయనమ్మా, మొహం కాలిపోయింది కదా.’

అమ్మ కాసేపు ఊరుకుని, ‘వాళ్లమ్మ అయితే గుర్తుపట్టేది’ అంది. తర్వాత భోజనం అయిందా అని నన్నడిగింది.

మా చిన్నది దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అట్ట కింద రాయాలని పట్టుబట్టింది. నాలుగుసార్లు రాసి కొట్టేసింది, సరిగ్గా రావట్లేదంటుంది. చివరికి తెలుగులోనే రాసేసింది, టీచర్ అడిగితే తనే చదివి చెప్తుందట. ‘గుర్తుపట్టేది’లో ట వత్తు తప్పు పోయింది, గ్లూ కూడా ఆరింది, ఇక దిద్దడానికి లేదు. తాతగారూ, చూసీ చూడనట్టు వదిలేయండి.